పాస్టరమ్మలు, పాస్టరు గార్ల చరిత్ర ఎవరు రాస్తారు?



చింతపల్లి చరిత్ర అనగానే మనకు 1922 ఆగస్టు 22 గుర్తొస్తుంది. ఆ రోజు అల్లూరి సీతారామరాజు దళం ఇక్కడి పోలీస్ స్టేషన్ మీద పడింది. ఆ కథలో గాం గంటందొర, మల్లుదొరల పేర్లు నిలిచాయి. వాళ్ల వెంట నడిచిన చాలామంది పేర్లు మాత్రం నిలవలేదు. చర్చిల చరిత్ర కూడా ఇంతే. దొరల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. ఊరూరా తిరిగిన మన మనుషులు "స్థానిక బోధకుడు" అన్న ఒక్క మాటలో అయిపోతారు. అందుకే ఈసారి బాప్టిస్టు సంఘాల గురించి, వాటిని నడిపిన మనుషుల గురించి మాట్లాడుకుందాం. చర్చికి వెళ్లేవాళ్లూ చదవాలి, వెళ్లనివాళ్లూ చదవాలి.

ముందు మైదానం సంగతి. కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషన్ 1874లో మొదలైందని, దాన్ని జాన్ మెక్‌లారిన్ అనే దొర పెట్టాడని చెప్తారు. కానీ ఆ దొరను పిలిచిందెవరు? థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు. టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం మానేసి, ఆయన అప్పటికే అక్కడ బోధ మొదలుపెట్టాడు. పని పెరిగింది, మోయలేకపోయాడు, సాయం కోరాడు. అంటే మిషన్ వచ్చి సంఘాన్ని పెట్టలేదు, సంఘమే మిషన్‌ను పిలిచింది.

ఒంగోలులోనూ అంతే. అమెరికన్ బాప్టిస్టు క్లౌ దొర అక్కడ 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం పెట్టాడు. ఆ చుట్టుపక్కల మాదిగ పల్లెల్లోకి మాటను మోసినవాడు ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల పని చేసే కులంవాడు. అంతకుముందే యోగమార్గంలో గురువుగా పేరున్న మనిషి, అందుకే జనం ఆయన మాట విన్నారు. తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇచ్చాడు. కూటి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ప్రపంచమంతా క్లౌ దొర పేరే చెప్పుకుంది. కానీ ఏట్లో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున, వంతులవారీగా. ఆ ఆరుగురి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు కొండల సంగతి. తూర్పు కనుమల్లో బాప్టిస్టు కథ గట్టిగా నడిచింది మన సవర చుట్టాల దగ్గర. శ్రీకాకుళం, పార్వతీపురం కొండలు, వాటిని ఆనుకున్న ఒడిశా గంజాం, గజపతి వైపు. పర్లాకిమిడి, సెరంగో కేంద్రాలుగా కెనడా మిషనరీలు సవరల మధ్య పని చేశారు. సవర మాటను రోమన్ లిపిలో రాసి పాటలు, బైబిలు ఇచ్చారు. అదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, బడులు పెట్టి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. 1936లో మాంగే గొమాంగో అనే సవర పెద్ద, మన మాటకు మన అక్షరమే ఉండాలని సొరాంగ్ సొంపెంగ్ లిపి చేశాడు. ఆ అక్షరాలనే దేవుడిగా కొలిచే మార్గం కూడా పుట్టింది. ఆంధ్ర వైపు బడుల్లో సవర వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఒకే జాతి, ఒకే మాట, ఇన్ని అక్షరాలు. ఏ లిపి నేర్చుకున్నావో దాన్ని బట్టి ఏ గుడికి పోతావో తెలిసిపోయే పరిస్థితి వచ్చింది.

పియర్స్ విటెబ్స్కీ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1970ల మధ్యలో సవర ఊళ్లలో ఉన్నాడు. అప్పట్లో చనిపోయినవాళ్లు పూనకంలో గురువమ్మ నోట మాట్లాడేవారు. బంధువులు చుట్టూ కూర్చుని వాళ్లతో ఏడ్చేవారు, తగాదా పడేవారు, మళ్లీ కలుపుకునేవారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ ఇళ్ల పిల్లలే బాప్టిస్టులయ్యారు. ఎందుకు? ఆయన చెప్పే కారణాల్లో చదువు ఉంది, బలులకు దున్నపోతుల ఖర్చు తప్పడం ఉంది, పెద్దరికాల నుంచి, వ్యాపారుల అప్పుల నుంచి బయటపడాలన్న కోరిక ఉంది. ఎవరో మాయ చేస్తే మారిపోయారనడం ఆ పిల్లల బుర్రను అవమానించడమే. అలాగని పోయింది చిన్నదీ కాదు. చచ్చిపోయిన అమ్మతో మాట్లాడే దారి మూసుకుపోయింది. ఆ గురువమ్మల మాట, పాట చాలావరకు వాళ్లతోనే వెళ్లిపోయాయి. రెండు మాటలూ నిజమే, రెండూ కలిపి రాస్తేనే చరిత్ర.

మన వైపు కూడా ఇప్పుడు చిన్న గూడెంలోనూ ప్రార్థనా మందిరం కనిపిస్తోంది. ఇటుకల పండగకు చందా ఇవ్వాలా వద్దా, గంగాలమ్మ పూజ దగ్గరికి రావాలా వద్దా అని ఒకే ఇంటిపేరు వాళ్లు విడిపోతున్నారు. ఈ గొడవలోకి బయటివాళ్లు దూరి, చర్చికి వెళ్తే ఎస్టీ హోదా తీసేయాలంటున్నారు. చట్టం తెలుసుకుందాం. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు హోదాను మతంతో ముడిపెట్టింది. హిందువులతో మొదలై, 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. ఎస్టీ ఉత్తర్వులో అలాంటి మతం షరతు లేదు. మన హోదా తెగను బట్టి వచ్చింది, పూజను బట్టి కాదు. ఈ మాట పూజారి ఇంటి పిల్లలకూ తెలియాలి, పాస్టరు ఇంటి పిల్లలకూ తెలియాలి.

ఇక పని మాట. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వేసిన పుస్తకంలో పేరయ్య కథ ఉంది. ముసలివాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పింది విని రాసుకుంది కాబట్టే ఆ కథ మిగిలింది. మనకు మన భాష వచ్చు, చేతిలో ఫోను ఉంది, మనకేం తక్కువ? సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మీ గూడెం మొదటి పాస్టరు గారినో, వారు లేకపోతే పాస్టరమ్మనో అడగండి. ఏ ఏడాది మొదలైంది? మొదటి మందిరం గడ్డిదా, పెంకుదా? ఏ భాషలో ప్రార్థించారు? జీతం ఉండేదా, పోడు కొట్టుకునే బతికారా? ఊళ్లో ఎవరు తిట్టారు, ఎవరు అన్నం పెట్టారు? తర్వాత అదే నోటుబుక్కు పట్టుకుని దిసారి ఇంటికీ వెళ్లండి. ఆయన్నీ అంతే గౌరవంగా అడగండి.

రెండు ఇళ్ల మాటలూ ఒకే పుస్తకంలో ఉంటే, రేపు మన పిల్లలు చదువుకునేది మనం రాసిన చరిత్ర అవుతుంది.

జై ఆదివాసీ.