దవడ ముందుకి, ఊపిరి లోపలికి

నల్లగండ్లలో పిల్లల పళ్ళకి క్లిప్పులు వేయించడం మామూలైపోయింది. ఈమధ్య ఆ మాటల్లోకి ఇంకోటి వచ్చి చేరింది: ఎయిర్‌వే. దవడ వెడల్పు చేస్తే, ముందుకి తెస్తే పిల్లాడి గురక తగ్గుతుందా? బోలెడంత డబ్బూ, పిల్లాడి ఓపికా పణంగా పెట్టాల్సిన ప్రశ్న. దీనికి మన ఊళ్ళోనే ఒక పాత కథ ఉంది.

1889లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో రెండో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ నడిచింది. దాని వెనకున్న మనిషి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. మత్తులో ముందు ఆగేది గుండా, ఊపిరా అన్నది తగాదా. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఊపిరే అని తేల్చారు. డాక్టర్లకి ఇచ్చిన సలహాల్లో ఒకటి ఇది: ఊపిరి ఇబ్బంది పడితే కింది దవడని వెనక మూలల దగ్గర పట్టి ముందుకి నెట్టండి, కింది పళ్ళు పై పళ్ళని దాటి రావాలి.

ఇందులో మర్మం ఏమీ లేదు. నాలుక కింది దవడ ఎముకకి లోపలివైపు అతుక్కుని ఉంటుంది. దవడ కదిలితే నాలుకా కదులుతుంది, గొంతులో దారి తెరుచుకుంటుంది. ఫ్రాన్స్‌లో పియెర్ రోబాఁ 1902లో దవడని ముందుకి నిలిపే మోనోబ్లాక్ చేశాడు. 1923లో, దవడ చిన్నదై నాలుక వెనక్కి జారి ఊపిరాడని పసిపిల్లల గురించి రాశాడు. పై దవడ సంగతి ఇంకా పాతది. అంగిలి అంటే ముక్కుకి నేల. 1860లో అమెరికాలో ఎమర్సన్ ఏంజెల్ ఒక పద్నాలుగేళ్ళ అమ్మాయి అంగిలిని మరతో వెడల్పు చేశాడు. నేల వెడల్పయితే ముక్కులో గాలికీ చోటు పెరుగుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు తగ్గుతుందా? 2004లో ఇరుకు దవడ ఉండి, టాన్సిల్స్ వాపు లేని 31 మంది పిల్లల మీద చేసిన అధ్యయనంలో మంచి ఫలితాలే వచ్చాయి. కానీ పోల్చి చూడటానికి, వైద్యం చెయ్యని పిల్లల గుంపు అందులో లేదు. అది ఎందుకు ముఖ్యమో 2013లో తెలిసింది. అమెరికాలో 5–9 ఏళ్ళ పిల్లలు 464 మందితో చేసిన పరీక్షలో, టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసేసిన వాళ్ళలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుకొచ్చింది. ఆపరేషన్ లేకుండా ఏడు నెలలు ఆగి చూసిన వాళ్ళలోనూ 46 శాతం మందికి వచ్చింది! ఆ ఏడు నెలలూ నోట్లో ఏ పరికరం ఉన్నా, మెప్పు దానికే దక్కేది.

2019లో అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం తేల్చిన మాటా ఇలాంటిదే: దవడకి అవసరముంటేనే వెడల్పు చెయ్యండి, నిద్ర జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా మాత్రం వద్దు. గురకపెట్టే పిల్లాడికి ముందు కావలసింది ఈఎన్‌టీ డాక్టరూ, నిద్ర పరీక్షా.

క్లోరోఫామ్ కథకి ఇంకో ముక్క ఉంది. 1911లో గుడ్‌మన్ లెవీ, పలచని మత్తులో కూడా క్లోరోఫామ్ గుండెని హఠాత్తుగా ఆపేయగలదని పిల్లుల మీద చూపించాడు. ఊపిరి మీద కన్నేసి ఉంచమనడంలో లారీ చెప్పింది నిజం. గుండెకి భయం లేదనడం తప్పు. దవడ ముందుకి నెట్టమన్న సలహా నేటికీ ఆపరేషన్ థియేటర్లలో ప్రాణాలు నిలబెడుతోంది. ఆయన సిద్ధాంతాన్ని మాత్రం వదిలేశారు.