బిడ్డ పుట్టాక బ్రెస్ట్ రిడక్షన్ ఎప్పుడు? ఒక తొడిమ చెప్పే చరిత్ర

ఈరోజు మాట్లాడుకునేది మన ఇళ్లలో గుసగుసగా మాత్రమే వినిపించే విషయం. బిడ్డ పుట్టాక రొమ్ముల బరువుతో మెడ, భుజాలు లాగేస్తున్నాయి, ఆపరేషన్ చేయించుకోవచ్చా? చేయించుకుంటే ఎప్పుడు? ఈ ప్రశ్నకు డాక్టర్లు చెప్పే జవాబు వెనక పెద్ద చరిత్రే ఉంది. అది తెలిస్తే జవాబు కూడా బాగా అర్థమవుతుంది.

మన ఓరుగల్లు నుంచే మొదలుపెడదాం. రుద్రమదేవి కాలం నాటి మల్కాపురం శాసనం గుంటూరు ప్రాంతంలో ఉంది. దాని తేదీ 1261. గోళకీ మఠానికి ఇచ్చిన గ్రామాల ఆదాయాన్ని ఎలా పంచాలో అందులో రాశారు. ఒక వాటా ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు, సత్రానికి పోవాలి. అంటే 750 ఏళ్ల కిందటే, కాన్పయ్యే ఆడమనిషికి ఒక చోటు ఉండాలి, దానికి పైసలు కేటాయించాలి అని రాతి మీద చెక్కించారు.

అదే కాకతీయుల రాజ్యంలో 1213 నాటి రామప్ప గుడి కూడా ఉంది. అక్కడి మదనికల శిల్పాలు మీరంతా చూసే ఉంటారు. నిండైన రొమ్ములు, సన్నని నడుము. చాలా అందంగా ఉంటాయి. కానీ ఒక మాట, రాయికి మెడ నొప్పి రాదు. భుజాల మీద బ్రా పట్టీలు గాట్లు పడవు. మే నెల ఉక్కపోతలో రొమ్ము కింద చర్మం ఒరిసి పొక్కదు. ఇవన్నీ అనుభవించేది మనిషి. అందుకే ఇది ఫ్యాషన్ విషయం కాదు, ఆరోగ్యం విషయం.

మరి ఆపరేషన్ ఎప్పుడు మొదలైంది? రొమ్ము తగ్గించడం గురించి పాత రాతల్లో దొరికేది ఆడవాళ్ల గురించి కాదు, మగవాళ్ల గురించి! 7వ శతాబ్దంలో పాలస్ ఏజినీటా అనే గ్రీకు వైద్యుడు, మగవాళ్లకు రొమ్ము పెరిగితే ఎలా కోయాలో రాశాడు. ఆడవాళ్ల విషయం అంత తేలిక కాదు. ఎందుకంటే చనుమొనను బతికించాలి. దానికి రక్తం అందాలి, స్పర్శ ఉండాలి, పాల నాళాలు ఉండాలి.

ఇక్కడ మన దేశం వస్తుంది. 1794లో లండన్‌లో జెంటిల్‌మెన్స్ మ్యాగజైన్ ఒక వార్త వేసింది. పుణె దగ్గర కవాస్జీ అనే బండి తోలే మనిషికి తెగిన ముక్కును నుదుటి చర్మంతో మళ్లీ కట్టారు. అసలు కిటుకు ఏంటంటే, నుదుటి చర్మాన్ని పూర్తిగా కోసి తీయలేదు. ఒక చివర అతికే ఉంచి, కిందికి తిప్పి కుట్టారు. ఆ చివర నుంచి రక్తం అందుతూ ఉంటుంది. కాయకు తొడిమ ఎలాగో ఇదీ అలాగే. తొడిమ తెగకపోతే కాయ బతికే ఉంటుంది. సర్జన్లు దీన్ని పెడికిల్ అంటారు.

రొమ్ము ఆపరేషన్‌కు ఈ సూత్రం వచ్చేసరికి చాలా కాలం పట్టింది. 1922లో షికాగో సర్జన్ మాక్స్ థోరెక్ చనుమొనను పూర్తిగా కోసి తీసి, తగ్గించిన రొమ్ము మీద మళ్లీ అతికించే పద్ధతి చెప్పాడు. బరువు తగ్గింది. కానీ తొడిమ తెగింది, పాల నాళాలు తెగాయి. 1930లో ష్వార్జ్‌మన్ అనే సర్జన్, చనుమొన చుట్టూ ఉన్న చర్మపు లోపలి పొరను కాపాడితే రక్తం అందుతుందని చూపించాడు. 1960లో స్వీడన్‌కు చెందిన స్ట్రాంబెక్, 1972లో మెక్‌కిసాక్, 1977లో మరికొందరు అమెరికా సర్జన్లు తలా ఒక రకం తొడిమను తీర్చిదిద్దారు. ఇప్పుడు ఎక్కువగా చేసేవి ఇలాంటి పద్ధతులే. థోరెక్ పద్ధతి కూడా పోలేదు, మరీ పెద్ద రొమ్ములకు కొన్నిసార్లు వాడతారు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఎప్పుడు?

పాలిచ్చే రోజుల్లో మామూలుగా చేయరు. అప్పుడు గ్రంథులు పాలతో ఉబ్బి ఉంటాయి, రక్తప్రవాహం ఎక్కువ. కోసిన చోట పాలు కారే ప్రమాదం, ఇన్ఫెక్షన్ ప్రమాదం ఉంటాయి. పైగా అప్పటి సైజు అసలు సైజు కాదు. పాలు మాన్పించాక రొమ్ము నెమ్మదిగా తగ్గుతుంది, కొందరికి ఆపరేషనే అవసరం పడకపోవచ్చు. అందుకే పాలు పూర్తిగా ఆగాక కనీసం మూడు నుంచి ఆరు నెలలు ఆగి, బరువు నిలకడగా ఉన్నాక చూద్దాం అంటారు. ఈలోపు సరిగ్గా కుదిరే బ్రా, భుజాలకు ఫిజియోథెరపీ, చర్మం పొక్కితే మందు. వీటితో కొంత ఉపశమనం ఉంటుంది.

ఇంకో బిడ్డ కావాలనుకుంటే? వీలైతే ఆ కాన్పు, పాలు అయ్యాక చేయించుకోవడం మంచిది. ఎందుకంటే గర్భం వస్తే సైజు మళ్లీ మారుతుంది. కానీ నొప్పి భరించలేనిదైతే ముందే చేయించుకోవడం తప్పేం కాదు. అప్పుడు సర్జన్‌కు ఒక మాట ముందే చెప్పండి, "నాకు ఇంకా పిల్లలు కావాలి, పాలు ఇవ్వాలనుంది" అని. చనుమొన కింది గ్రంథిని, నాళాలను కదపకుండా ఉంచే పద్ధతిలో పాలిచ్చే అవకాశం చాలా ఎక్కువ. పూర్తిగా తీసి అతికిస్తే చాలా తక్కువ. ఏ పద్ధతికీ గ్యారంటీ అయితే లేదు.

మన దగ్గర కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచి ఉంది, ఎంజీఎం ఆసుపత్రి ఉంది. ఇంటి దగ్గర డాక్టర్‌తో మొదలుపెట్టి, ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డీఎన్‌బీ ఉందా అని అడగండి, అడగడం మీ హక్కు. బ్యూటీ క్లినిక్ బోర్డు చూసి వెళ్లకండి. ఇంకోటి, గడ్డ తగిలినా, ఒకవైపే పెరుగుతున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, పాలిస్తున్నా సరే ఆగకుండా వెంటనే చూపించుకోండి.

"పిల్లలు పుట్టాక ఇవన్నీ మామూలే, ఓర్చుకో" అనే మాట మన అమ్మలు, అక్కలు చాలాసార్లు విన్నారు. కాన్పయ్యే ఆడమనిషి కోసం రాజ్యం ఖర్చు పెట్టాలని శాసనం రాసిన నేల ఇది. ఆమె నొప్పి గురించి ఇంట్లో ఒక మాట అడగడానికి ఏ శాసనమూ అక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా భుజం పట్టుకుని కూర్చుంటే, ఈసారి అడగండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.