గోస్తనీ ఒడ్డున డచ్చివారు

శాలిబండలోని మా పాత ఇల్లు అమ్మేద్దామని మా అబ్బాయి అన్నప్పటి నుంచీ నాకు భీమునిపట్నమే గుర్తుకు వస్తున్నది. ఉద్యోగరీత్యా అక్కడ రెండేళ్ళున్నాను. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట 17వ శతాబ్దంలో డచ్చివారు వర్తక స్థావరం పెట్టుకొని, మన నేతబట్టలు కొని ఓడలకెక్కించారు. పెళ్ళాం బిడ్డలతో కాపురాలూ చేశారు. 1824 లండన్ ఒప్పందం ప్రకారం ఇండియాలోని స్థావరాలను ఇంగ్లీషువారికి వదిలి, సుమత్రాలోని బెంకూలెన్ పుచ్చుకున్నారు. మన భాషలో మ్యూచువల్ ట్రాన్స్‌ఫరన్నమాట! 1825లో భీమిలి ఛార్జి అప్పగించారు.

కోట శిథిలమైంది. హాలండర్స్ గ్రీన్ శ్మశానంలో సమాధులు మాత్రం నిలిచాయి. ఒక సాయంత్రం అక్కడ అరిగిన అక్షరాలను వేళ్ళతో తడిమాను. ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా లేవబుద్ధి కాలేదు.

మా గుమ్మం పైన నాన్నగారు చెక్కించిన సంవత్సరం ఉంది. ఇల్లు అమ్మినా ఆ చెక్క నాకు విడిపించి ఇమ్మని అబ్బాయిని అడిగాను.