మట్టిబొమ్మలు - మ్రొక్కుబళ్ళు

సూరత్ నగరమున తాపీనదికి దక్షిణముగా నున్న ఉధ్నా మగ్గముల చప్పుడుతో నిండిన పారిశ్రామిక వాడ. బ్రతుకు తెరువునకై తెలంగాణము నుండి తరలివచ్చిన నేత కుటుంబములు ఈ నగరమున స్థిరపడియున్నవి. అచటినుండి తూర్పుగా వ్యారా, సోన్‌గఢ్‌ల వైపు సాగినచో చౌధరీ, గామీత్ మొదలగు ఆదివాసుల గ్రామములు వచ్చును. వారి దేవస్థానములలో కాల్చిన మట్టితో చేసిన గుఱ్ఱములు, ఏనుగులు, చిన్న గుమ్మటములు బారులు తీరియుండును. వానిని చూచి, వీరు గుఱ్ఱమును దైవముగా కొలుతురని తలచుట పొరపాటు. కోరిన కోరిక ఫలించిన పిదప దేవునకు చెల్లించిన మ్రొక్కుబళ్ళవి. నాటి సూరత్ జిల్లాలోని వాలోడ్‌లో 1934లో జన్మించిన కళాకారుడు హకు షా ఈ సంప్రదాయమును ఏండ్ల తరబడి పరిశీలించి, 1985లో గ్రంథరూపమున వెలువరించెను.

ప్రాచీన మృణ్మూర్తులను గూర్చి ఆలోచించువారికి ఇది మంచి హెచ్చరిక. మొహెంజొదారోలో దొరకిన స్త్రీమూర్తులయందు జాన్ మార్షల్ 1931లో మాతృదేవతను దర్శించెను. అది మొదలు స్త్రీరూపము కనబడినచోటనెల్ల ఆ పేరే పెట్టుట వాడుకయైనది. కాని, 1955లో త్రవ్వకములు మొదలైన గుజరాతులోని లోథాల్‌లో అట్టి స్త్రీమూర్తులు అరుదు. ఒకే నాగరకతకు చెందిన నగరములందే ఇంత భేదమున్నప్పుడు, అన్నిచోట్ల ఒకే విశ్వాసముండెనని చెప్పుట ఎట్లు?

తెలుగు నేలపై కొంత వెలుగు దొరకును. సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున శాతవాహనుల నాటి మట్టిబొమ్మలు ఎన్నో లభించినవి. వానిలో మోకాళ్ళు మడిచి కూర్చున్న, తలలేని స్త్రీమూర్తులును కలవు. ఇట్టి రూపమే నాగార్జునకొండలో రాతిపై చెక్కబడినది. దానిని చేయించినది ఎహువుల చాంతమూలుని రాణి ఖండువుల. ప్రాకృత శాసనమున ఆమె తన్ను అవిధవగా, జీవపుత్రగా చెప్పుకొన్నది. భర్త, బిడ్డలు సజీవులై యుండుటయే ఆమె చాటుకొన్న భాగ్యము. దేవత పేరు మాత్రము శాసనమున లేదు. రాణికి రాయి, శాసనము లభించినవి. మట్టిబొమ్మను సమర్పించిన సామాన్య స్త్రీ కోరిక ఆమెతోనే పోయినది.

ఇంకొక చిక్కు కూడ కలదు. భాద్రపదమాసమున తెలంగాణపు కన్నెలు మట్టితో అంతస్తులుగా బొడ్డెమ్మను నిలిపి, పూలతో అలంకరించి, ఆడి పాడి, తుదకు నీట కలుపుదురు. ఆ దేవతకు కన్నులు లేవు, చేతులు లేవు. కాల్చని మట్టియగుటచే మిగులునదియు లేదు. వేయేండ్లకు ఆ చెరువును త్రవ్వువారికి ఏమి దొరకును?

కావున మనకు దక్కిన బొమ్మలు ప్రాచీనుల విశ్వాసములలో నిప్పు సోకిన భాగము మాత్రమే. బొమ్మ రూపమొక్కటే చూచి అది దైవమనియో, కానుకయనియో, పిల్లల ఆటవస్తువనియో తీర్పు చెప్పరాదు. అది దొరకిన తావును, దాని చుట్టునున్న వస్తువులను, నేటికిని సాగుచున్న ఆచారమును కలిపి చూడవలెను. ఉధ్నా మగ్గపు వాడకు అటు మట్టిగుఱ్ఱముల దేశమున్నది. ఇటు బొడ్డెమ్మను ఎఱిగిన ప్రజ యున్నది. మ్యూజియపు అద్దముల వెనుక మూగవోయిన బొమ్మలను ప్రశ్నించుటకు ముందు ఈ ఇరువురి మాట వినుట మేలు.