చీడ ఏ దారిన వస్తుందో చెప్పే లెక్క

కొండవీడు (యడ్లపాడు మండలం): 2021-22 సీజనులో పల్నాడు మిరప రైతును నిలువునా ముంచిన నల్ల తామర పురుగు మన ప్రాంతపు చీడ కాదు. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగును మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరులో బొప్పాయిపై గుర్తించారు. 2021లో ఉమ్మడి గుంటూరు జిల్లా మిరప పూతలో కనిపించింది. అనతికాలంలోనే తెలంగాణ, కర్ణాటక చేలకూ పాకింది. ఇటువంటి వ్యాప్తిని ముందుగా పసిగట్టేందుకు ఉపకరించే కంప్యూటర్ విధానమే ‘మెషిన్ లెర్నింగ్’. పాత వివరాల నుంచి కంప్యూటరు తనంతట తాను నేర్చుకోవడం దీని ప్రత్యేకత.

వల అంటే..
ఊళ్లు, నర్సరీలను చుక్కలుగా, వాటి మధ్య రాకపోకలను గీతలుగా తీసుకుంటే ఏర్పడేదే నెట్‌వర్క్, అంటే వల. గాలి పురుగును పక్క చేనికి చేరుస్తుంది. నారు కట్టలు ఎక్కించుకున్న వాహనం ఒక్క పూటలోనే దూరపు మండలానికి చేరుస్తుంది. కొండవీడు కొండకు అవతలి ఊరి కన్నా, ఒకే నర్సరీలో నారు కొనే దూరపు ఊరే వలలో దగ్గరిది కావచ్చు.

ఎలా నేర్చుకుంటుంది?
ఏ ఊళ్లో ఏ తేదీన పురుగు కనిపించిందో కంప్యూటరుకు అందిస్తారు. ఒక ఊళ్లో కనిపించిన కొద్ది రోజులకే మరో ఊళ్లో కనిపించడం పదేపదే జరిగితే, ఆ రెంటి నడుమ గీత బలమైనదని లెక్క కడుతుంది. ‘గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్’ అనే పద్ధతిలో ప్రతి ఊరి లెక్కలోనూ పొరుగు ఊళ్ల పంట, వాన, ఉష్ణోగ్రతల వివరాలు కలుస్తాయి. తరువాతి వంతు ఏ ఊరిదో, చీడ తొలుత ఎక్కడ మొదలైందో దీంతో అంచనా వేయవచ్చు. అంటురోగాలు, వదంతుల వ్యాప్తికీ ఇవే పద్ధతులు వర్తిస్తాయి.

కాపలా ఎక్కడ?
అన్నిచోట్లా నిఘా పెట్టడం అసాధ్యం. వలలో ఎక్కువ వ్యాప్తికి కారణమయ్యే చుక్కలను ఒక్కొక్కటిగా ఎంచుకుంటూ పోతే, అత్యుత్తమ ఫలితంలో దాదాపు 63 శాతానికి తగ్గదని 2003లో డేవిడ్ కెంపీ, జాన్ క్లైన్‌బర్గ్, ఎవా టార్డోష్ నిరూపించారు. మంచినీటి గొట్టాల్లో కాలుష్యాన్ని పసిగట్టే పరికరాలను ఎక్కడ అమర్చాలో తేల్చేందుకు 2007లో అమెరికా పరిశోధకులు ఇటువంటి పద్ధతినే ఉపయోగించారు. మిరపకు అన్వయిస్తే, నీలిరంగు జిగురు అట్టలు ముందుగా కట్టవలసింది ఎక్కువ ఊళ్లకు నారు పంపే నర్సరీల వద్దనే.

నమోదే కీలకం
పురుగు ఉన్నా నమోదు కాని ఊరు కంప్యూటరుకు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అక్కడే అంచనా తప్పుతుంది. కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో ప్రారంభించిన జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ యాప్ పంట ఫొటోను బట్టి చీడను గుర్తిస్తుంది. అయితే నారు ఎక్కడిదో ఫొటో చెప్పదు. అందుకే పూతలో పురుగు కనిపించిన తేదీతో పాటు, నారు కొన్న నర్సరీ వివరాన్నీ రైతులు రైతు సేవా కేంద్రంలో తెలియజేయడం మేలు. ఒక రైతు చెప్పిన తేదీ పది ఊళ్ల పంటకు ముందస్తు హెచ్చరిక కాగలదు.