ఉగ్రవేషము - శాంతి : కోనసీమ సంప్రదాయమున రక్తపాన గాథ

నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెఱగుల విభజించినది. వీనిలో ఆహార్యము, అనగా వేషభూషాదికము, పరిశోధకుల దృష్టి నంతగా ఆకర్షింపలేదు. పూసిన రంగు తెల్లవారుసరికి చెరిగిపోవును. కట్టిన బట్ట కొన్నాళ్లకు చినిగిపోవును. అయినను ఒక జనసమూహము దేనికి భయపడినదో, ఆ భయము నేరీతిని శమింపజేసికొన్నదో తెలిసికొనుటకు వేషమును మించిన సాక్ష్యము అరుదు. అక్టోబరు 31వ తేదీ రాత్రి పాశ్చాత్యులు జరుపుకొను హాలోవీన్ వేడుకయు, అందలి రక్తపిశాచ వేషమును నేడు మన నగరములందును కానవచ్చుచున్నవి. కావున రక్తపానము చేయు ఉగ్రమూర్తుల గాథలను, వేషములను కోనసీమ ఆధారముగా పరిశీలింప దలచితిమి.

ముందుగా పాశ్చాత్య వేషముయొక్క పుట్టుపూర్వోత్తరములు తెలియవలెను. వాంపైర్ అను మాట తూర్పు ఐరోపానుండి వచ్చినది. సెర్బియా పల్లెలలో చనిపోయినవారు సమాధులనుండి లేచి బంధువుల రక్తము పీల్చుచున్నారని ఫిర్యాదులు రాగా, ఆస్ట్రియా సైనిక వైద్యులు విచారించి 1732లో సమర్పించిన నివేదిక వలన ఆ మాట పశ్చిమ దేశములకు వ్యాపించెను. 1819లో పోలిడోరి రచించిన కథ ఆ పల్లెటూరి పిశాచమును ప్రభువంశీయునిగా మార్చెను. 1897లో బ్రామ్ స్టోకర్ రచించిన నవలలో డ్రాకులా నల్లని దుస్తులు, పొడవైన తెల్లని మీసములు గల వృద్ధుడు. నేడు లోకమెరిగిన వేషము నవలనుండి గాక రంగస్థలమునుండి పుట్టినది. హామిల్టన్ డీన్ 1924లో ఇంగ్లండున ప్రదర్శించిన నాటకమున డ్రాకులాకు విందు దుస్తులును, ఎత్తైన మెడపట్టీ గల నల్లని పైవస్త్రమును తొడిగిరి. నటుడు వీపు త్రిప్పినపుడు మెడపట్టీ అతని తలను కప్పివేయును. అతడు వస్త్రమునుండి జారి ప్రేక్షకుల కంటబడక తప్పుకొనును. 1931లో చలనచిత్రమున బేలా లుగోసి ఆ పాత్ర ధరించుటతో ఈ రూపము స్థిరపడెను. నటుడు మాయమగుటకై కుట్టిన బట్ట పిశాచమునకు శాశ్వతమైన ఉడుపైనది.

ఈ పిశాచముతో మన బేతాళునకు చుట్టరికము కల్పించినవాడు రిచర్డ్ బర్టన్. 1870లో అతడు బేతాళ కథలను ఆంగ్లమున వెలువరించుచు బేతాళుని వాంపైర్ అని పేర్కొనెను. ఇది తగిన పేరు కాదని మా అభిప్రాయము. పదునొకండవ శతాబ్దిలో సోమదేవుడు కథాసరిత్సాగరమున చెప్పిన బేతాళుడు శవమునావేశించి శ్మశానమున చెట్టునకు వ్రేలాడువాడు. రక్తము త్రాగుట అతని ప్రధాన లక్షణము కాదు. కథ చెప్పి ధర్మసందేహ మడుగుట అతని లక్షణము. తుదకు కపట భిక్షువు పన్నాగమును తెలిపి రాజును రక్షించినవాడును అతడే. తెలుగు పిల్లలకు 1955నుండి చందమామ పత్రిక పరిచయము చేసిన బేతాళుడును ఇట్టివాడే. భయము గొలుపును గాని ప్రాణము తీయడు. కావున రక్తపిశాచమున కీడైన మూర్తిని బేతాళునియందు వెదకుట వృథా. మన గాథలలో రక్తము త్రాగినది ఒక దేవత.

వసిష్ఠ గోదావరి సముద్రమున కలియుచోట, రాజోలు ప్రాంతమున, అంతర్వేది క్షేత్రము కలదు. స్థలపురాణము ననుసరించి హిరణ్యాక్షుని కుమారుడైన రక్తవిలోచనుడు శివునివలన వరము పొందెను. తన రక్తము నేలబడి ఎన్ని ఇసుక రేణువులను తడుపునో అందరు రాక్షసులు పుట్టవలెనని ఆ వరము. వసిష్ఠుని ప్రార్థనపై నరసింహుడు యుద్ధమునకు వచ్చెను. గాయపరచినకొలది శత్రువులు పెరుగుచుండగా స్వామి తన మాయాశక్తిని నియోగించెను. ఆమె తన నాలుకను నేలపై పఱచి రక్తపు బొట్టు ఇసుకను తాకకుండ చేసెను. రాక్షసుడు హతుడైన పిదప ఆ రక్తము రక్తకుల్య అను ఏరై ప్రవహించెనట. ఆ శక్తినే ప్రజలు అశ్వరూఢాంబికయని, గుఱ్ఱాలక్కయని కొలుచుచున్నారు. దేవీమాహాత్మ్యములోని రక్తబీజ కథకును దీనికిని గల పోలిక స్పష్టమే. అయినను ఆ కథ ఇచ్చట నదీముఖపు ఇసుకతో ముడివడినది. గమనింపదగిన దేమనగా, రక్తపానము ఇందు ఆకలి కాదు. అది కీడు మొలకెత్తకుండ ఆపుట. త్రాగిన దేవత పిశాచము గాలేదు; ఊరివారికి అక్క ఐనది.

రెండవ గాథ గౌతమీ తీరమునకు చెందినది. దక్షయజ్ఞము ద్రాక్షారామమున జరిగెనని ఐతిహ్యము. యజ్ఞమును ధ్వంసము చేసిన పిదపను వీరభద్రుని కోపము చల్లారలేదు. మునులు ప్రార్థింపగా పరాశక్తి తటాకమున మునిగి కన్యారూపమున భద్రకాళియై వెలువడెనట. ఆమెను చూచి వీరభద్రుడు శాంతించెను. వారికి గాంధర్వవిధిని వివాహమయ్యెను. ఆ చోటు మునిమండలి, నేటి మురమళ్ళ. అచ్చటి వీరేశ్వరాలయమున ఈనాటికిని నిత్యకల్యాణము జరుగుచున్నది. అనగా ఒకనాటి ఉగ్రతను ప్రతిదినము శమింపజేయుచునే యున్నారు.

గోదావరి మండలములందలి వీరనాట్యము ఈ గాథకు దృశ్యరూపము. నర్తకుడు విభూతి, కుంకుమ, రుద్రాక్షలు ధరించి, చేత ఖడ్గము పూని, వీరణము మున్నగు వాద్యములు మ్రోగుచుండగా దక్షయజ్ఞ ఘట్టములను తెలుపు ఖడ్గములను పఠించును. కర్పూరజ్యోతులు వెలుగు పళ్లెమును పట్టి ఆడును, నారసము గ్రుచ్చుకొనును. నాట్యశాస్త్రము భయానకమునకు నలుపును, రౌద్రమునకు ఎఱుపును వర్ణములుగా చెప్పినది. ఆ లెక్కన డ్రాకులా వేషము భయానకమునకు చెందినది. వీరభద్రవేషము రౌద్రమునకు చెందినది. మొదటిదానిని చూచినవాడు తొలగిపోవలెను. రెండవదానిని చూచినవాడు చేతులు మోడ్చును.

ఈ భేదము వేషమునకే పరిమితము కాదు. వీరభద్రుని ఇలవేల్పుగా గల పెక్కు కుటుంబములలో చిన్నతనమున మరణించిన బిడ్డలను వీరభద్రులుగా భావించి, ఇంట వివాహము తలపెట్టినపుడు సంబరము జరుపు ఆచారము కలదు. సెర్బియా పల్లెవాసులు తిరిగివచ్చు మృతుని గుండెలో కొయ్యమేకు దిగగొట్టిరి. గోదావరి తీరపు తల్లి తిరిగివచ్చు బిడ్డను పెండ్లికి పిలిచినది.

ఉగ్రవేషమునకు శాంతి విడదీయరాని అంగమనుటకు తెలుగు దేశము వెలుపలను నిదర్శనము కలదు. తంజావూరు మండలమున మేలట్టూరు భాగవతమేళమున ప్రదర్శించు వేంకటరామశాస్త్రి ప్రహ్లాదచరిత్రము తెలుగు నాటకము. నరసింహుని ముఖావరణమునకు పూజ చేయుదురు. దానిని ధరించు నటుడు ఉపవాసముండును. ఆవేశము హెచ్చినపుడు తోడివారు అతనిని పట్టి నిలుపుదురు. వేషము వేయుటకు నియమమున్నట్లే దింపుటకును నియమము కలదు.

ఈ నియమము లేనిచోట జరుగు కీడును చెప్పక విడువరాదు. చేతబడి చేసిరను అనుమానముతో అమాయకులను, వారిలోను దిక్కులేని వృద్ధులను, హింసించి చంపిన ఘటనలు తెలుగునాట పెక్కు జరిగినవి. అట్టివారికి ఊరు బలవంతముగా పిశాచ వేషము తగిలించుచున్నది. నర్తకుడు తెల్లవారగానే తన రంగు కడిగికొనును. నిందితునకు ఆ అవకాశము లేదు. జానపద విశ్వాసములను సేకరించువారు ఏది వేషమో, ఏది నిందయో వేరుపరచి వ్రాయవలెను. రెండింటిని మూఢనమ్మకమను ఒక్క శీర్షిక క్రింద చేర్చుట శాస్త్రమునకును మేలు కాదు, మనుష్యులకును మేలు కాదు.

హాలోవీన్ రాత్రి పిల్లలు ధరించు నల్లని పైవస్త్రము వినోదమునకు సంబంధించినది. దానిని నిరసింప బనిలేదు. అదియు వేయదగినది, విప్పదగినది. అయినను దానికి తెలుగున పేరు పెట్టునపుడు బేతాళుని అందులోనికి లాగకుండుటయు, గుఱ్ఱాలక్కను, వీరభద్రుని పిశాచముల వరుసను చేర్చకుండుటయు మన విధి. కోనసీమ సంప్రదాయము భయమును తఱిమివేయలేదు. దానికి రూపము కల్పించి, నియమించి, తుదకు శాంతింపజేసి ఇంటిలోనికి ఆహ్వానించినది. ఆ శాంతివిధానములను ఊరూరను నమోదు చేయుట పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన కార్యమని మా విశ్వాసము.