తర్జుమాలో జారిపోయిన షర్త్



మొన్న మా బేటీ అడిగింది: "అబ్బా, ఆఫీసులో రోజంతా తర్జుమానే చేస్తానంటారు కదా, ఏ జబాన్ నుంచి ఏ జబాన్‌కి?" సి ప్లస్ ప్లస్ నుంచి గో కి అన్నాను. పకపకా నవ్వింది. నవ్వులాట కాదు గానీ, అందులో నేను చేసిన ఒక గలతీ నా రెండు రాత్రుల నిద్ర తినేసింది. ఆ కిస్సా అర్థం కావాలంటే కొంచెం తారీఖ్ తెలియాలి.

ప్రోగ్రామ్‌లో ఫంక్షన్ అంటే మన షాదీఖానాలో జరిగే ఫంక్షన్ కాదు. ఇచ్చిన సరుకు తీసుకుని పని చేసిపెట్టే ముక్క. కొన్నింటికి ఎంత సరుకు వస్తుందో ముందే ఖాయం. కొన్ని మాత్రం పిలవని మెహమాన్లు వచ్చినా వడ్డించే దావత్ లాంటివి. రెండొచ్చినా సరే, ఇరవై వచ్చినా సరే.

1970లలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేసిన సి జబాన్‌లో ప్రింట్‌ఎఫ్ ఇలాంటిదే. దానికి ముందు ఒక చిట్టీ ఇస్తాం: ఒక అంకె, ఒక పేరు, ఇంకో అంకె వస్తాయని. అది చిట్టీని కళ్లు మూసుకుని నమ్ముతుంది. మూడని రాసి రెండే ఇచ్చామా, మూడోదాని కోసం పక్కన మెమరీలో ఏది చేతికందితే అదే తెచ్చి పెడుతుంది. 1989 ప్రమాణం ఈ పద్ధతికి ఒక కాయిదా ఇచ్చింది గానీ, తలలు లెక్కపెట్టే పని ఎవరికీ అప్పగించలేదు. 2000 ప్రాంతంలో చోరులు ఆ చిట్టీని తామే రాసి సర్వర్లలో దూరారు.

సి ప్లస్ ప్లస్ వాళ్లకు టెంప్లేట్లు ఉన్నా, 1998 ప్రమాణంలో "ఎన్నైనా" అనే వెసులుబాటు లేదు. ఒకదానికొకటి, రెంటికొకటి, మూడింటికొకటి అని విడివిడిగా రాసుకునేవారు. బూస్ట్ వాళ్ల టపుల్ పది దగ్గర ఆగేది. ఆండ్రే అలెగ్జాండ్రెస్కు 2001లో వేసిన పుస్తకంలోని టైప్‌లిస్ట్ మాక్రోలు యాభై దాకా వెళ్లాయి. యాభై ఒకటో మెహమాన్‌కి దస్తర్‌ఖాన్ మీద జాగా లేదు! డి జబాన్ ఈ చిక్కును ముందే విప్పింది. సి ప్లస్ ప్లస్‌కి వేరియాడిక్ టెంప్లేట్లు 2011 ప్రమాణంతో వచ్చాయి. మొదటివాడికి వడ్డించు, మిగతావాళ్లతో మళ్లీ అదే పని చెయ్యి, ఎవరూ మిగలకపోతే ఆగు. ఇంతే తరీఖా. 2017లో అదీ సులువైంది. దీని అసలు ఫాయిదా ఏమిటంటే, ఎందరొచ్చారో, ఏ రకంవాళ్లో ప్రోగ్రామ్ నడవకముందే కంపైలర్‌కి తెలిసిపోతుంది.

మిగతా జబాన్ల దారులు వేరు. రస్ట్‌లో ఇప్పటికీ ఇలాంటి ఫంక్షన్ లేదు, ప్రింట్‌ఎల్‌ఎన్ కూడా మాక్రోనే. స్విఫ్ట్‌కి 2023లో వచ్చింది. గో లో "ఎన్నైనా" ఉంది, కానీ రకరకాల సరుకు కలిపి పంపాలంటే అందరూ ఒకే బుర్ఖా వేసుకుని లోపలికి రావాలి. ఎవరెవరో లోపలికొచ్చాక, ప్రోగ్రామ్ నడుస్తుండగానే అడగాలి.

నా ముందున్నది రోజువారీ చెల్లింపుల వరుస ఫైలులో రాసే ఫంక్షన్. పాత రచయిత అందులో ఒక షర్త్ పెట్టాడు: వచ్చినవి ఫైలు గళ్లతో సమానంగా లేకపోతే కంపైల్ కావద్దు. గో లో ఆ షర్త్ రాసే చోటు నాకు కనబడలేదు. పని తొందర. వదిలేశాను. పరీక్షలన్నీ పాసయ్యాయి.

నెల తర్వాత ఎవరో ఐదు ఇవ్వాల్సిన చోట నాలుగు ఇచ్చారు. కంపైలర్ కిమ్మనలేదు. గళ్లు ఒకటి పక్కకు జరిగి, ఖాతా నంబరు ఉండాల్సిన గడిలో రూపాయలు కూర్చున్నాయి. హిసాబ్ కలపడానికి మేం ముగ్గురం రెండు రాత్రులు కూర్చున్నాం. షుకర్, ఎవరి పైసా పోలేదు.

తర్వాత "ఎన్నైనా" అనేదాన్నే తీసేశాను. ఒక్కో ఫైలుకి ఒక్కో ఫంక్షన్, ఇన్ని గళ్లు, ఈ రకాలు అని పేరు పేరునా రాశాను. ఒకటి తగ్గితే ఇప్పుడు గో కంపైలరే ఆపుతుంది. అసల్‌లో ఒక్కటిగా ఉన్నది తర్జుమాలో ఏడయింది. చూసిన కుర్రాడు "ఏంటి భాయ్, పాతకాలం వాళ్లలా రాశారు?" అన్నాడు. అవును, 1998 వాళ్లలాగే రాశాను.